మా ఆయనకు వినపడని ఈల

"ఈ బండిలో పాటకు ప్రాణం లేదే," అన్నాడు మా ఆయన.

కొనకనమిట్ల దగ్గర ఒక పల్లెలో ప్రార్థన కూటం ముగించుకొని మార్కాపురం వస్తా ఉన్నాం. ముందు ఆయన, పక్కన నేను, వెనక సీట్లో మా అమ్మాయి. "మాటలన్నీ ముద్దముద్దగా వస్తా ఉన్నయ్. కంచు తాళం అయితే వినపడడమే లేదు. కంపెనీవాడు చవక స్పీకర్లు పెట్టి చేతులు దులుపుకున్నాడు," అని స్టీరింగు మీదున్న బటను నొక్కి సౌండు ఇంకా పెంచినాడు.

నాకు మాటలు బాగానే వినపడతా ఉన్నయ్. తాళమూ వినపడతా ఉంది. మా అమ్మాయికి అవసరానికి మించి వినపడతా ఉంది. "నాయనా, కొంచెం తగ్గించు, తల పగిలిపోతా ఉంది," అని అది రెండుసార్లు అన్నది. ఆయన తిరిగి చూడలేదు. పలకలేదంటే కోపమొచ్చిందేమో అనుకున్నాం.

ఆ బండి ఒకరు వాడి అమ్మితే మేము తీసుకున్న ఏడు సీట్ల బండి. అంతకుముందు మా ఆయన మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో, రాయి కోసే మిషను దగ్గర పనిచేసేవాడు. పెళ్లికి ముందునుంచీ అదే పని. నేను పెళ్లయిన కొత్తలో ఒకసారి అన్నం క్యారియరు తీసుకొని లోపలికి పోయినాను. మిషను రాయిలోకి దిగినప్పుడు వచ్చే కీచుకు నా పళ్లు జివ్వుమన్నయ్. పక్క మనిషి నోరు కదలడం కనపడేదే తప్ప మాట వినపడేది కాదు. అందరూ సైగలతోనే మాట్లాడుకుంటా ఉన్నారు. చెవుల్లో దూది పెట్టుకున్నవాళ్లు ఒకరిద్దరు, మిగతావాళ్లకు అదీ లేదు. ఇంటికి వచ్చినాక కూడా వాళ్ల గొంతు దిగేది కాదు. మేము అప్పుడు అద్దెకున్న వీధిలో సగంమంది పలకల పనివాళ్లే. కొత్తగా వచ్చినవాళ్లు ఏ ఇంటి ముందు నిలబడినా లోపల తగాదా జరుగుతా ఉందనుకునేవాళ్లు.

పలకల పని రానురాను తగ్గిపోయింది. ఒక ఫ్యాక్టరీ తర్వాత ఇంకొకటి షట్టరు దించేస్తా ఉంటే, ఇక దీన్ని నమ్ముకుంటే కాదని మా ఆయన డ్రైవింగు నేర్చుకున్నాడు. రైలు దిగి శ్రీశైలం పోయేవాళ్లను పెద్దదోర్నాల మీదుగా కొండకు తీసుకపోయి తీసుకొచ్చేవాడు. బండి వచ్చినాక ఇల్లు కొంచెం నిలదొక్కుకుంది. నేను అంగన్‌వాడీలో టీచర్ని, నాది చిన్న జీతమే.

వారమంతా బాడుగలకు తిరిగినా ఆదివారం మాత్రం ఎవరు పిలిచినా పోయేవాడు కాదు. మా సంఘంలో పాట ఎత్తేది ఆయనే. అది ఆయనకు జీతం లేని ఉద్యోగం, అదే అసలు ఉద్యోగం. చదివింది ఐదో తరగతి. కానీ ఒక పాటను ఒక్కసారి వింటే చాలు, మర్నాటికి దాన్ని తన గొంతులో పెట్టుకొని వచ్చేవాడు. తబలా కొంచెం దిగితే పాట ఆపి, "బిగించు నాయనా," అని నవ్వేవాడు. నన్ను చూసుకోను వచ్చిన రోజు మా పెద్దమ్మ ఒక పాట పాడమంటే, కాఫీ గ్లాసు కింద పెట్టి తల వంచుకొని పాడినాడు. ఆస్తి ఏముందని ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

అట్లాంటి మనిషికి బండిలో పాట బాగలేదంటే అది చిన్న సంగతి కాదు. ఇంట్లో దీనిమీద వారం రోజులు చర్చ జరిగింది. సెట్టుతో సహా అన్నీ పీకేసి, పెద్ద తెర ఉండే కొత్త సెట్టు పెట్టించాలని ఆయన ఆలోచన. మా అమ్మాయి ఒప్పుకోలేదు. అది మార్కాపురంలోనే డిగ్రీ చదువుతా ఉంది, ఫోన్లో అవన్నీ చూసి పెట్టుకుంది.

"కంపెనీ సెట్టు తియ్యొద్దు నాయనా. స్టీరింగు మీది బటన్లు దానికే పనిచేస్తయ్. రివర్సు వేస్తే వెనక ఏముందో బొమ్మ వచ్చేది దాంట్లోనే, బీప్ బీప్ అని కొట్టేది దాంట్లోనే. స్పీకర్లు బాగలేకపోతే స్పీకర్లు మార్చు. సెట్టు ఏం పాపం చేసింది?"

"సెట్టు పాతది పెట్టుకొని స్పీకర్లు కొత్తవి వేస్తే, పాత పిండితో కొత్త పెనం మీద దోసె పోసినట్టే కదే," అన్నాడు ఆయన.

"పిండి బాగానే ఉంది. పెనమే బాగలేదు," అన్నది అది.

సరే, అడిగి చూద్దామని బస్టాండు దాటినాక ఉన్న కార్ల సామాన్ల దుకాణానికి పోయినాం. నాకు ఆరోజు సెలవు, నేనూ ఎక్కినాను. దుకాణం నడిపేది ఒక సాయిబు. మా ఆయన "భాయ్" అంటే ఆయన "అన్నా" అనేవాడు. సంగతంతా విని, "పాప చెప్పిందే నిజమన్నా," అన్నాడు. "సెట్టు ఉండనీ. అది స్పీకర్లకు పంపే శబ్దాన్నే నేను ఒక చిన్న డబ్బాలోకి తీసుకొని ఆంప్లిఫయరుకు ఇస్తా. సెట్టుకు ఏం తెలవదు, అది ఎప్పటిలాగే పాడతా ఉంటది. బలం ఇచ్చేది ఆంప్లిఫయరు. తలుపుల్లో మంచి స్పీకర్లు, అద్దం మూలల్లో సన్న శబ్దానికి చిన్నవి. తాళం గలగలా వినపడాలంటే ఆ చిన్నవే కావాల."

తాళం మాట వినంగానే మా ఆయన సరే అన్నాడు.

పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా పట్టింది. నేను బయట ప్లాస్టిక్ స్టూలు మీద కూచొని చూస్తా ఉన్నాను. తలుపులకు లోపలున్న అట్టలు ఊడదీస్తే బండి చర్మం ఒలిచినట్టు కనపడింది. లోపల ఉత్త రేకు. ఆ రేకు పాటకు అదరకుండా నల్లటి మందపాటి షీట్లు అంటించి, రోలరుతో రుద్దినారు. తీసేసిన కంపెనీ స్పీకరును మా ఆయన చేతిలోకి తీసుకొని, దాని కాగితాన్ని బొటనవేలితో నొక్కి, "చూడు, వడియం మాదిరి ఉంది," అని నాకు చూపించినాడు. బ్యాటరీ నుంచి లావు వైరు లోపలికి తెచ్చినారు. ఆంప్లిఫయరు నేను కూచునే సీటు కింద పెట్టినారు. చొక్కా గుండీకంటే కొంచెం పెద్దగా ఉన్న చిన్న స్పీకర్లను ముందు అద్దానికి రెండు మూలలా బిగించినారు.

అంతా అయినాక భాయ్ మమ్మల్ని బండిలో కూచోబెట్టి, కంపెనీ సెట్టులోనే మా పాట ఒకటి పెట్టినాడు.

ఏమని చెప్పేది. ఆ పాట నేను ఎన్నోసార్లు విన్నాను. హార్మోనియం మీద వేళ్లు మారేటప్పుడు మెట్లు టకటకమనడం మాత్రం ఆరోజే విన్నాను. పాడే మనిషి ఊపిరి పీల్చుకోవడం వినపడింది. తాళమైతే నా చెవి పక్కనే ఎవరో నిలబడి కొట్టినట్టుంది. మా అమ్మాయి వెనకనుంచి నా భుజం పట్టుకొని, "అమ్మా, విన్నావా, అమ్మా," అంటా ఉంది.

నేను మా ఆయన వైపు తిరిగినాను. కళ్లు మూసుకొని కూచున్నాడు. పాట అయిపోయింది. కళ్లు తెరిచి, "పెద్దగా వస్తా ఉంది భాయ్, బాగుంది," అన్నాడు. కొంచెం ఆగి, "తాళం ఇంకా రాలేదు," అన్నాడు.

భాయ్ సెట్టు ఆపినాడు. "ఇంజను ఆన్ చెయ్యన్నా, అట్ల కూడా చూద్దాం," అన్నాడు.

ఇంజను ఆన్ చేసి పాట పెట్టంగానే, పాట వెనక సన్నగా ఒక ఈల మొదలైంది. కుక్కరు కూత పెట్టే ముందు వస్తదే, అట్లాంటి శబ్దం. మా అమ్మాయి చెవులు మూసుకుంది. "ఆ ఈల ఏంది?"

"ఎర్త్ వైరు సరిగ్గా పడలేదు పాపా, సరిచేస్తా," అన్నాడు భాయ్. "అన్నా, కొంచెం యాక్సిలేటరు తొక్కు."

తొక్కితే ఈల కూడా ఇంజను మోతతోపాటు పైకి లేచింది. వదిలితే కిందికి దిగింది. మా ఆయన మా ముగ్గురి మొహాలూ చూస్తా ఉన్నాడు.

"ఏ ఈల?" అన్నాడు.

"వస్తా ఉంది కదా నాయనా. ఇదిగో, ఇప్పుడు."

"ఏందే తమాషాలు?" అని నవ్వినాడు. మేము నవ్వలేదు. ఆయన మళ్లీ తొక్కినాడు. ఇంకా గట్టిగా తొక్కినాడు. ఆ ఈల భరించలేక భాయ్ దుకాణంలో పనిచేసే మనిషి కూడా పాన పట్టుకొని బయటికి వచ్చి చూసినాడు. మా ఆయన మొహంలో నవ్వు అట్లనే ఉండిపోయింది. ఆ నవ్వును ఎట్ల తియ్యాలో ఆయనకు తెలవలేదు.

"వినపడలేదా అన్నా?" భాయ్ మెల్లగా అడిగినాడు.

ఆయన యాక్సిలేటరు మీదనుంచి కాలు తీసినాడు. భాయ్ సీటు కింద దూరి, ఎర్త్ వైరు ఊడదీసి, రేకు మీద రంగు గీకి ఇంకోచోట బిగించినాడు. ఈల ఆగిపోయింది. మా అమ్మాయి ఊపిరి వదిలింది.

"ఇప్పుడు పోయిందా?" అని అడిగినాడు మా ఆయన. పాట గురించి ఎప్పుడూ ఎవరినీ ఏమీ అడగని మనిషి.

"పోయింది నాయనా," అన్నది అది.

ఇంటికి వచ్చేదాకా సెట్టు ఆన్ చెయ్యలేదు.

తర్వాత కొన్ని రోజులకు మా పాస్టరు అయ్యగారు అంగన్‌వాడీ ముందు బండి ఆపినాడు. పిల్లలకు గుడ్లు వలిచి పెడతా ఉన్నాను. కుశలం అడిగి, చాలాసేపు అటూ ఇటూ మాట్లాడి, చివరికి అసలు మాట తీసినాడు.

"అమ్మా, నువ్వు బాధపడొద్దు. ఈమధ్య పాట ఎత్తేటప్పుడు ఆయన శ్రుతి నిలవడం లేదు. ఒకచోట మొదలుపెట్టి ఇంకోచోటికి జారిపోతా ఉన్నాడు. కీబోర్డు వాయించే పిల్లోళ్లు పట్టుకోలేక తిప్పలు పడతా ఉన్నారు. వెనక నవ్వుకునేవాళ్లు కూడా ఉన్నారు. నేను చెప్తే ఆయన తట్టుకోలేడు. ఇంట్లోమాటగా నువ్వు చెప్పు."

ఆ రోజంతా నా చేతులు పనిలో లేవు. పాట జారిపోవడం, మాటలు ముద్దగా వినపడడం, ఈల వినపడకపోవడం, మా అమ్మాయి అడిగితే పలక్కపోవడం, అన్నీ ఒకే సంగతని తెలిసిపోయింది. ఆయనకు ఎట్ల చెప్పాలో మాత్రం తెలవలేదు. కాళ్లు పోయినవాడికి నీకు కాళ్లు లేవని చెప్పనక్కరలేదు, వాడికే తెలుస్తది. చెవికి రానిది చెవికెట్ల తెలుస్తది?

సాయంత్రం టీ ఇచ్చి ఎదురుగా కూచున్నాను. "ఏమయ్యా, ఒకసారి ఒంగోలు పోయి చెవులు చూపించుకుందాం," అన్నాను.

"ఎవరికి?"

"నీకే. పలకల మిషను దగ్గర అన్నేళ్లు చేసినావు. కొంచెం మందగించి ఉంటది."

"నాకు చెవుడు వచ్చిందని చెప్తా ఉన్నావా?"

"చెవుడు అనలేదు. సన్న శబ్దాలు నీకు అందడం లేదు. పాటలో కూడా శ్రుతి..."

ఆ మాట నోట్లోనుంచి రాంగానే ఆయన లేచి నిలబడినాడు. గ్లాసు ఒరిగి టీ చాప మీద పారింది. "ఎవరు చెప్పినారు? అయ్యగారా? ఆ కీబోర్డు పిల్లోళ్లా? వాళ్లు పుట్టకముందునుంచి పాడతా ఉన్నాను నేను. నాకు శ్రుతి నేర్పిస్తారా?" అని అరిచినాడు. "పో, ఊరంతా చెప్పు, మా మొగుడు చెవిటోడని చెప్పు."

మూడు రోజులు మాటల్లేవు. నాల్గో రోజు మధ్యాహ్నం నేను ఇంటికి వచ్చేసరికి బండి వీధి మొగలో ఎండలో ఆగి ఉంది. ఇంజను నడుస్తా ఉంది. దగ్గరికి పోయి చూస్తే ఆయన అద్దాలన్నీ ఎక్కించుకొని, మూలనున్న ఆ చిన్న స్పీకరుకు చెవి ఆనించి వంగి కూచున్నాడు. పాట పెట్టుకొని ఒక చెవి ఆనిస్తా ఉన్నాడు, మళ్లీ రెండో చెవి ఆనిస్తా ఉన్నాడు. నన్ను చూడలేదు. నేను పిలవకుండా ఇంట్లోకి పోయినాను. స్టవ్ వెలిగించి, దాని మీద ఏమీ పెట్టకుండా ఆ మంటనే చూస్తా నిలబడినాను.

డాక్టరు దగ్గరికి పోదామని నేను మళ్లీ అడిగే లోపలే అది జరిగింది.

కొనకనమిట్ల వైపు ఇంకో పల్లెలో కూటం. ప్రార్థన అయింది, భోజనాలయినయ్. మిట్టమధ్యాహ్నం ఎండ. మందిరం ముందు వేపచెట్టు నీడలో పెట్టిన బండిని ఆయన వెనక్కి తీస్తా ఉన్నాడు. నేను పక్కన కూచొని ఒళ్లో గిన్నెల సంచి సర్దుకుంటా ఉన్నాను. మా అమ్మాయి ఇంకా ఎక్కలేదు, మందిరం గడప దగ్గర నిలబడి ఉంది; బండి అద్దాలు దించే ఉన్నయ్. రివర్సు వేయంగానే సెట్టులో పాట దానంతట అదే ఆగిపోయి బీప్ మొదలైంది. ముందు ఆగి ఆగి కొట్టింది. తర్వాత దగ్గరదగ్గరగా కొట్టింది. తర్వాత విడవకుండా ఒకటే మోత. తల ఎత్తి ఆయన మొహం చూసినాను. ఏమీ లేదు ఆ మొహంలో. ఖాళీ రోడ్డు మీద పోతా ఉన్న మనిషిలాగా నిమ్మళంగా అద్దంలో చూస్తా ఉన్నాడు. ఎండ నేరుగా పడి సెట్టు తెర తెల్లగా మెరిసిపోతా ఉంది, అందులో బొమ్మ కనపడడం లేదు.

"ఆపయ్యా!" అని చెయ్యి పట్టుకొని లాగినాను.

బ్రేకు వేసినాడు. కొంచెం ఆలస్యమైంది. బండి వెనక, చెప్పు తెగి వంగి సరిచేసుకుంటా ఉన్న ముసలామె పడిపోయింది. మాకు అత్త వరస. ఆయన పాడుతుంటే ఎప్పుడూ ముందు వరసలో చాప మీద కూచొని ఊగే మనిషి. దెబ్బ గట్టిది కాదు గాని, చెయ్యి కిందపడి మణికట్టు విరిగింది. ఆయన పరుగెత్తుకుంటా పోయి ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకొని వచ్చి వెనక సీట్లో పడుకోబెట్టినాడు. నేను తల ఒళ్లో పెట్టుకున్నాను. మార్కాపురం ఆసుపత్రికి పోయేదాకా ఆమె మూలుగుతా ఉంది. నీళ్లు కావాలంది, చెయ్యి కదిలించొద్దంది, కోడలికి చెప్పమంది. ప్రతి మాటకూ ఆయన వెనక్కి తిరిగి, "ఏమంటా ఉంది? ఏమంటా ఉంది?" అని అడిగినాడు. నేను అరిచి చెప్పినాను.

చెయ్యికి పట్టీ వేసినారు. ప్రాణానికి ఏం లేదన్నారు. అయినా ఆ పల్లెలో ఒక మాట పుట్టి మా వీధిదాకా వచ్చింది. కొత్తగా పెద్ద సౌండు పెట్టించుకున్నాడంట, పాటలు మోగించుకుంటా బండి తోలి ముసలామెను గుద్దినాడంట. దేవుని పాటలు పాడే మనిషికి అంత మదమేంది అన్నారంట. మా అమ్మాయిని కాలేజీలో కూడా ఒకరు అడిగినారు. అది ఏడ్చుకుంటా ఇంటికొచ్చి, "పాట ఆగిపోయి ఉండింది కదమ్మా, బీప్ ఒక్కటే కదా వస్తా ఉన్నది! వాళ్లకు చెప్పండి!" అన్నది.

చెప్పొచ్చు. కానీ పాట లేదని చెప్తే, బీప్ కొడతా ఉంటే ఎందుకు ఆపలేదని తర్వాత అడుగుతారు. దానికి జవాబు ఒక్కటే ఉంది. ఆ జవాబు చెప్పాల్సింది ఆయన.

ముసలామె కొడుకులు పెద్దమనుషుల్ని కూచోబెట్టినారు. వాళ్ల మందిరం ముందే, ఆ వేపచెట్టు కిందే. మా అయ్యగారు కూడా వచ్చినాడు. పోయేటప్పుడు బండిలో మా ఆయన దారే చూస్తా తోలినాడు. ఏం చెప్తాడో నాకు తెలవదు. పెద్దకొడుకు లేచి, "బావా, నీ మీద మాకు గౌరవం ఉంది. కానీ పాటల మత్తులో బండి తోలితే ఎట్ల?" అన్నాడు. మా ఆయన వాడి నోటివైపే చూస్తా ఉన్నాడు. ఫ్యాక్టరీలో చూసినట్టు.

తర్వాత లేచినాడు.

"బండిలో పాట లేదు," అన్నాడు. "రివర్సు వేస్తే పాట ఆగిపోతది. బీప్ కొడతా ఉందంట. నా భార్యకు వినపడింది, బయట నిలబడిన నా బిడ్డకు వినపడింది. నాకు వినపడలా." అయ్యగారి వైపు తిరిగినాడు. "పాటలో శ్రుతి కూడా పోయిందంట. అదీ నాకు వినపడలా. ఎప్పటినుంచో నాకు తెలవదు. మీకందరికీ తెలుసంట."

ఆయన అక్కడే నేలమీద కూచున్నాడు. ముసలామె చెయ్యి మెడకు వేలాడేసుకొని గడప దగ్గర కూచొని ఉంది. "ఇంక చాల్లే, లేవండ్రా అందరూ. వాణ్ని ఇట్ల నిలబెట్టి అడగడానికా నేను అన్నం తింటా ఉన్నది?" అని కొడుకుల మీద గట్టిగా కేకలేసింది. ఆ కేకలు ఆయనకు వినపడినయ్. తల ఇంకా దించుకున్నాడు.

ఆ వారమే ఒంగోలు పోయినాం. అద్దాల గదిలో కూచోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా బటను నొక్కమన్నారు. నేను బయటనుంచి చూస్తా ఉన్నాను. మొదట్లో నొక్కినాడు. తర్వాత చాలాసేపు బటను మీద వేలు పెట్టుకొని కదలకుండా కూచున్నాడు. లోపల శబ్దాలు వస్తానే ఉన్నయని, ఆ మిషను దగ్గర కూచున్న అమ్మాయి చెయ్యి కదలడం చూస్తే నాకు తెలుస్తా ఉంది.

డాక్టరమ్మ కాగితం మీద గీత చూపించింది. ఎడమవైపు, లావు శబ్దాల దగ్గర బాగానే ఉన్న గీత, సన్న శబ్దాలుండే కుడివైపుకు పోయేకొద్దీ కొండమీదనుంచి కిందికి దిగినట్టు దిగిపోయింది. మిషన్ల మోతకు లోపలి నరం దెబ్బతిన్నదని, పోయింది తిరిగి రాదని, చెవికి మిషను పెట్టుకుంటే మాటలు తెలుస్తయని చెప్పింది.

"పాట?" అని అడిగినాడు ఆయన.

"మాటకు బాగా పనికొస్తదండి," అన్నది ఆమె. ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

చెవి మిషను పెట్టుకున్న మొదటిరోజు, పళ్లెంలో చెంచా పడితే ఉలిక్కిపడినాడు. కొళాయి నీళ్ల శబ్దానికి లేచిపోయి చూసొచ్చినాడు. మా అమ్మాయి మాట్లాడుతుంటే దాన్నే చూస్తా, "నీ గొంతు ఇట్ల ఉంటదా?" అన్నాడు. అది నవ్వుతా లోపలికి పోయింది, లోపల ఏడ్చింది. మాటలు తెలుస్తా ఉన్నయ్ గాని, పాట మాత్రం రేకుడబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుందన్నాడు. ఆదివారం మందిరంలో ముందుకు పోలేదు. మగవాళ్ల వెనక వరసలో గోడకు ఆనుకొని కూచున్నాడు. కీబోర్డు పిల్లోళ్లే పాట ఎత్తినారు. అయ్యగారు ఆయన పేరు పెట్టి పిలిచినా లేవలేదు, చెయ్యి ఊపినాడు అంతే. నేను ఆడవాళ్ల వైపునుంచి చూస్తా ఉన్నాను. పెదాలు కూడా కదల్లేదు.

బాడుగలకు కొన్నాళ్లు పోలేదు. తర్వాత భాయ్ ఒక ఉపాయం చెప్పినాడు. రివర్సు బీప్‌కు తోడుగా, లావు గొంతుతో మోగే బజరు ఇంకొకటి బిగించినాడు. సన్నవి పోయినా లావు శబ్దాలు ఆయనకు బాగానే అందుతయ్. దానితోనూ, చెవి మిషనుతోనూ ఆయన మళ్లీ బండి తీసినాడు. నాకు మాటిచ్చినట్టు, ఎవరో ఒకరు దిగి వెనక నిలబడితే తప్ప రివర్సు వెయ్యడు.

కంపెనీ సెట్టులోనే శబ్దాలను పెంచి తగ్గించే చోటు ఒకటి ఉందని మా అమ్మాయి కనిపెట్టింది. సన్న శబ్దాలన్నీ చివరిదాకా పెంచి, లావువి తగ్గించి, పాట పెట్టి ఆయన్ను కూచోబెట్టింది. చెవి మిషను తీసేసి విన్నాడు. విని విని, "వచ్చింది," అన్నాడు. "తాళం వచ్చిందే." కళ్లల్లో నీళ్లు తిరిగినయ్. పరుగున వచ్చి నన్ను చెయ్యి పట్టుకొని తీసుకపోయినాడు. నేను బండిలో కూచొని తలుపు వేసినాను. నా చెవుల్లో సూదులు గుచ్చినట్టయింది. పాట లేదు, మనిషి గొంతు లేదు, ఒకటే రాపిడి. ఆయన నా మొహం చూస్తా ఉన్నాడు. ఎంత దాచినా మొహం చెప్పేసింది. సౌండు తగ్గించినాడు.

"మీకు ఇట్ల ఉంటదా నాకు బాగున్నది," అన్నాడు.

అప్పటినుంచి నేనుగాని అమ్మాయిగాని ఎక్కితే ఆయన పాట పెట్టడు. ఒక్కడే పోయేటప్పుడు పెట్టుకుంటాడు. దోర్నాల దాటి అడవిలోకి పోయినాక ఖాళీ బండిలో తాను కూడా పాడతాడని, ఒకసారి ఎదురైన ఇంకో డ్రైవరు నాతో చెప్పినాడు. ఎట్ల పాడినాడని నేను అడగలేదు. ముసలామె చెయ్యి అతికింది గాని కొంచెం వంకర ఉండిపోయింది. ఆ దారిన పోతే ఆమె దగ్గర ఆగుతాడు. పాడమని ఆమె అడుగుతది. "ఇప్పుడు రాదత్తా," అంటాడు. ఆమె బలవంతం చెయ్యదు. జొన్నరొట్టె పెడతది, తింటాడు.

ఈమధ్య ఆయనతో పలకల ఫ్యాక్టరీలో చేసిన ఇద్దరు మా ఇంటికి వచ్చినారు. మా ఇంట్లో మాటలు పక్కవీధికి వినపడేటట్టు మాట్లాడుకున్నారు. మా ఆయన చెవి మిషను తీసి వాళ్ల చేతిలో పెట్టి చూపించినాడు. వాళ్లిద్దర్నీ తనే బండిలో ఒంగోలు తీసుకపోతానన్నాడు. నేను కూడా తోడు పోయినాను. ఒకాయన పరీక్ష చేయించుకున్నాడు. ఇంకొకాయన అద్దాల గది తలుపుదాకా పోయి, లోపల కుర్చీ చూసి వెనక్కి తిరిగి వచ్చేసినాడు. "ఈ వయసులో ఇంక కొత్తగా ఏం వినాలన్నా నేను," అన్నాడు.

వచ్చేటప్పుడు పొదిలి దాకా ముగ్గురూ అరుచుకుంటానే వచ్చినారు. ఫ్యాక్టరీ కబుర్లు, ఎవరు పోయినారు, ఎవరు ఉన్నారు, ఎవరి దగ్గు ఎట్ల ఉంది అని. వెనక కూచున్న నాకు చెవులు హోరెత్తినయ్. పొదిలి దాటినాక పరీక్ష చేయించుకోని ఆయన ముందుకు వంగి, సెట్టు వైపు వేలు చూపించి, "అన్నా, ఒక పాట పెట్టరాదా," అన్నాడు.

మా ఆయన అద్దంలో నన్ను చూసినాడు. నేను తల ఊపినాను. సెట్టు ఆన్ చేసి, అమ్మాయి పెట్టిన లెక్క ప్రకారం సన్న శబ్దాలన్నీ పైకి పెంచినాడు. పాట మొదలైంది. వాళ్లు ముగ్గురూ మాటలు ఆపి వింటా ఉన్నారు. నేను కొంగు చెవులకు అడ్డం పెట్టుకొని అద్దంలోనుంచి బయటికి చూస్తా కూచున్నాను.